స్థానచలనము

స్థానచలనమను మాట మన యిండ్లలో ఉద్యోగస్థులకు మాత్రమే చెల్లుచున్నది. తహసీల్దారుగారికి బదిలీ యైనదన్న నెవరును వింతపడరు. ఆడుపిల్ల వివాహమై యత్తవారింటికి బోయినను వింతపడరు. పుట్టినింటిని విడిచి, యింటిపేరుగూడ మార్చుకొని, యెన్నడును చూడని వంటయింటిలో మరునాటి యుదయమే పొయ్యి వెలిగింపవలసిన యా బదిలీకి ముహూర్తము పెట్టి బాజాలు వాయింతురు. కాని యా పిల్లయే విద్యకొరకో ఆటకొరకో తనంతట తాను ఒక కళాశాలనుండి వేరొక కళాశాలకు మారెదనన్నచో నిల్లంతయు నులికిపడును. మా పెదపాడులో మా పుట్టినింట నిట్టి ప్రసంగమే దసరా మొదలు దీపావళి దాక నడచినది. అందు నాకు దోచిన విషయములు ఆడుపిల్లలను చదివించు తల్లులకు బనికివచ్చునేమో యని వ్రాయుచున్నాను.

మా పెద్దన్నగారి కుమార్తె ఏలూరిలో నొక కళాశాలయందు డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. నిత్యము బస్సులో బోయి వచ్చును. కబడ్డీలో కూతకు బోవుట దాని పని. మనము చిన్ననాట వెన్నెలలో నాడిన చెడుగుడే యిది. ఇప్పుడు దీనికి కొలతలును గడియారమును వచ్చినవి. స్త్రీల యాటకు బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. పక్షమునకు ఏడుగురు. కూతకు 30 సెకండ్లు గడువు. రెండుమారులు వరుసగా వట్టిచేతులతో మరలి వచ్చినచో మూడవమారు పాయింటు తేవలెను. తేలేనిచో బరి విడువవలెను. చీనాదేశమున హాంగ్‌జౌ నగరమందు 2023లో జరిగిన ఆసియా క్రీడలలో మన దేశపు స్త్రీలు చైనీస్ తైపీ పక్షమును 26–25తో, అనగా నొక్క పాయింటుతో, గెలిచి స్వర్ణపతకము దెచ్చిరి. అది మొదలు మా పిల్లకు నిద్రలోగూడ కూతయే.

అయితే దాని కళాశాలలో కూతకు బోవు చోటు వేరొక పిల్లది. ఆమె పెద్దది, సమర్థురాలు. మా పిల్ల పోటీలలో నెక్కువకాలము బల్లమీద కూర్చుండవలసినదే. ఇంతలో విశాఖపట్టణమునందలి యొక కళాశాలవారు, దాని యాట చూచి, ఫీజు లేకుండ చేర్చుకొందుమనియు, హాస్టలు ఇత్తుమనియు, ఈ యేటి పోటీలకే రావలెననియు కబురు చేసిరి.

మా యమ్మ వెంటనే, "తిరిగే కాలూ, తిట్టే నోరూ ఊరుకోవని ఊరికే అన్నారా? ఈ కాలేజీలో లేని కబడ్డీ ఆ కాలేజీలో ఉందిటే?" అన్నది. మా యన్నగారి బాధ వేరు. బడిలో నుండగనే పిల్లను జేరదీసి, ఎండ వాన లనక ఆట నేర్పిన మాస్టారు ఊరిలోనే యున్నారు. ఏలూరి కళాశాలలో దానిని జేర్పించినవారును వారే. "ఆయన ముఖం ఎలా చూడను?" అని యన్నగారు తల వంచుకొనిరి. ఆడుపిల్ల దూరము పోవునను భయముకన్న కృతఘ్నత యను మాటకే యింటివారు బెదరిరి. పిల్ల నా యొద్దకు వచ్చి, "అత్తా, నేను పారిపోవడం లేదు. ఆడుకోవడానికి వెళ్తానంటున్నాను. రెండేళ్లు బల్లమీద కూర్చుంటే నా కాళ్లు నాకోసం ఆగుతాయా?" అని యడిగినది. దీనికి సమాధానము చెప్పుట సులభము గాదు.

నేను 2024 సంవత్సరమున శరత్కాలమంతయు టెక్సాసులో మా కుమారునింట నుంటిని. మనకు శనివారము వేంకటేశ్వరస్వామిది. అచ్చట శనివారము కళాశాలల ఫుట్‌బాల్ ఆటది. పేరు ఫుట్‌బాలే గాని కాలితో బంతిని దన్నుట మిక్కిలి తక్కువ. పక్షమునకు 11 మంది. మైదానము 100 గజములు. నాలుగు యత్నములలో పది గజములు ముందునకు సాగినచో మరల నాలుగు యత్నములు దొరకును. లేనిచో బంతి యెదుటివారిదగును. ఈ యాటకు ఇరుసువంటివాడు క్వార్టర్‌బ్యాక్ అనువాడు. అయిదుగురు మహాకాయులు గోడగా నిలువగా వాడు వారి వెనుక బంతి నందుకొని, రెండు మూడు సెకండ్లలో ఎవరికి విసరవలెనో, ఎవరి చేతికీయవలెనో తేల్చుకొనవలెను. పెండ్లి పంక్తిలో ఏ విస్తరిలో నేమి తక్కువయో నిలుచున్నచోటినుండియే కనిపెట్టి వడ్డన నడిపించు పెద్ద ముత్తైదువను తలచుకొనుడు; వాడట్టివాడు.

పూర్వము నిలుచున్నచోటినుండి చక్కగా బంతి విసరువాడే ఉత్తముడని పలువురు తలచెడివారట. ఇప్పుడు పరుగిడగల క్వార్టర్‌బ్యాకునకు విలువ హెచ్చినది. కారణము మా కుమారుడు కాగితముమీద గీచి చూపెను. వాడు బంతిని వేరొకని చేతికిచ్చి ఊరక నిలిచినచో, ఎదుటి 11 మందిని తక్కిన పదిమందియే యెదుర్కొనవలెను. తానును పరుగిడునేమో యను సందేహమున్నచో నెదుటివా రొకనిని వాని కాపలాకే యుంచవలెను, లెక్క సమమగును. గోడ విరిగినప్పుడు తప్పించుకొనుటకు కాళ్లే దిక్కు. అటు నిటు కదలుచు రెండు క్షణములు సంపాదించినచో నంతవరకు చిక్కువడియున్న తోటివాడు విడివడి బంతి కందును.

నష్టమును గలదు. పరుగిడువానికి దెబ్బలు హెచ్చు. కాళ్లున్నవని తొందరపడి పరుగెత్తువాడు, ఎదుట ఖాళీగా నిలిచియున్న తోటివానిని చూడకయే పోవును. కాళ్లకు వయస్సును గాయమును శత్రువులు; చూపునకు అభ్యాసము మిత్రము. కాలు కంటికి సాయము కావలెను గాని, కంటికి బదులు కారాదు. మా పిల్లకు మాస్టారు మొదటినుండియు చెప్పినదియు నిదియే: "లోపలికి పోవడం ఎవరైనా పోతారు, గీతకు తిరిగి రావడమే కూత." ఎంత దూరము చొచ్చిపోయెనని గాదు, తాకి మరలి వచ్చెనా యనియే లెక్క.

ఆ యాటగాండ్రలో జేలెన్ హర్ట్స్ అనువాని చరిత్ర నాకు మిక్కిలి నచ్చినది. ఇతడు టెక్సాసువాడు. తండ్రి పాఠశాలలో ఆట నేర్పువాడు. 2016లో అలబామా విశ్వవిద్యాలయమున జేరి, మొదటి యేటనే క్వార్టర్‌బ్యాక్ స్థానము సంపాదించెను. 2018 జనవరి 8వ తేదీన జాతీయ విజేత నెన్నుకొను ఆటలో జార్జియాపై సగము కాలము గడచునప్పటికి అలబామా 0–13తో వెనుకబడియుండెను. శిక్షకుడు హర్ట్స్‌ను కూర్చుండబెట్టి, టువా టాగోవైలోవా అను క్రొత్త కుర్రవానిని దింపెను. ఆట 26–23తో గెలిచిరి. దేశమంతయు చూచుచుండగా జరిగిన యవమానమది. మరుసటి యేడు స్థానము టువాదే యయ్యెను. అయినను హర్ట్స్ అప్పుడు విడిచిపోలేదు. ఆ యేటి డిసెంబరు 1వ తేదీన మరల జార్జియాతోనే ఆట, టువా గాయపడెను. వెనుకబడియున్న పక్షమును హర్ట్స్ నాలుగవ భాగమున దిగి, ఒకమారు బంతి విసరియు, ఒకమారు తానే పరుగెత్తియు 35–28తో గెలిపించెను. ఆ నెలలోనే పట్టము పుచ్చుకొని, 2019 జనవరిలో ఓక్లహోమా విశ్వవిద్యాలయమునకు మారెను. అచ్చట నొక్క యేటిలో బంతి విసరి 3,851 గజములు, కాళ్లతో 1,298 గజములు సాధించెను. నేను తిరిగి వచ్చిన పిదప, 2025 ఫిబ్రవరిలో, వృత్తి యాటలలో కెల్ల గొప్పదియగు సూపర్ బౌల్‌లో నీతడే యుత్తముడని విని సంతోషించితిని.

ఇందు గ్రహింపదగినది, ఇతడు విడిచిపోవుట గాదు. ఎప్పుడు, ఎట్లు విడిచిపోయె ననునది. చోటు పోయిననాడు అలుక పూని పోలేదు. పట్టము చేతికి వచ్చినది, పక్షమునకు ఋణము తీరినది, అప్పుడు పోయెను. ఆ 2019లో కళాశాల యాటగాండ్రలో నుత్తమునకిచ్చు హైస్మన్ బహుమానము నందుకొన్న జో బరోయు మారినవాడే. ఒహయో స్టేట్‌లో ఆడుటకు చోటు చాలక, పట్టము పొంది, 2018లో లూయిసియానా స్టేటునకు బోయెను. అతని బలము ముఖ్యముగా చూపును, విసరుటయును. కాళ్లవాడైనను కన్నులవాడైనను, ఆడుటకు చోటు లేనిచో విద్య యెండిపోవును.

అచ్చటి నిబంధనలును చెప్పవలెను. మన కళాశాలలలో టి.సి. ఎట్లో, అచ్చట నొకప్పుడు శిక్షకుని యనుమతి యట్లుండెడిది. ఫుట్‌బాల్ ఆడు విద్యార్థి పట్టము రాకముందే కళాశాల మారినచో నొక యేడు ఆడక కూర్చుండుట సాధారణ నియమము. 2018 అక్టోబరు 15వ తేదీన మారగోరువారి పేర్లు నమోదు చేయు పట్టిక యేర్పడెను. అనుమతి యడుగ నక్కర లేకపోయెను. 2021లో ఒకమారు మారినను వెంటనే ఆడవచ్చుననిరి. 2024లో చదువు సరిగా సాగుచున్నచో నెన్నిమారులైనను మారవచ్చుననిరి. 2021 జులైనుండి ఆటగాండ్రు తమ పేరుమీద ధనము సంపాదింపవచ్చునను నియమము గూడ వచ్చుటచే, కొందరు ఏటేట మారుచున్నారు. పట్టికలో పేరు వ్రాయించుకొన్నవారి కందరికిని చోటు దొరకదు. ఉన్న విద్యార్థివేతనము పోగొట్టుకొని, క్రొత్తది రాక నిలుచువారును గలరు. తలుపు తీసియుండుట మేలే. కాని గడప దాటుటకు ముందు ఆవల నేల యున్నదో లేదో చూచుకొనవలెను.

మన దేశపు టుదాహరణము లేకపోలేదు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ 2014లో హైదరాబాదున గోపీచంద్‌గారి శిక్షణమును విడిచి, బెంగుళూరునకు విమల్ కుమార్‌గారి యొద్దకు బోయెను. 2015లో ప్రపంచమున ప్రథమస్థానము నందెను. 2017లో మరల గోపీచంద్‌గారి యొద్దకే వచ్చెను. పోయినంతమాత్రమున బంధము తెగిపోవలెనని లేదు. వచ్చునప్పటికి వాకిలి మూయబడియుండవలెనని లేదు.

మా యమ్మకు అమెరికా కథలు రుచింపవు. కావున ఆమెకు దెలిసిన మాటయే చెప్పితిని: "అమ్మా, మన చేలో నారు పోసిన మడిలోనే పంట కోస్తామా?" నారుమడిలో మొలక లొకదాని నొకటి యొత్తుకొని పచ్చగానే యుండును, అచ్చటనే యుంచినచో గుబురగునే గాని నిండైన వెన్ను వేయదు. పీకి, కట్టలు గట్టి, పొలమున నూడ్చినగాని దుబ్బు చేయదు. అయితే మరీ లేతనారు పీకిన వేరు తెగును. ముదురునారు ఊడ్చిన పిలక వేయదు. ఊడ్చిన కొలదిదినములు వాడి పసుపెక్కును. దానిని జూచి రైతు బెదరడు. ఆమె యేమియు ననలేదు గాని, తిరిగే కాలి సామెత మరల వినబడలేదు.

అటుపిమ్మట నన్నగారును నేనును విశాఖపట్టణమునకు బోయి ఆ కళాశాలవారిని నాలుగు ప్రశ్నలడిగితిమి. ఇచ్చటి పాఠ్యవిషయములు అచ్చట సరిపడునా? కూతకు బోవు పిల్లలు మీకెందరు గలరు? హాస్టలులో పిల్లలను జూచువారెవరు? మోకాలికి దెబ్బ తగిలి ఆట మానవలసివచ్చినచో ఫీజు మినహాయింపు నిలుచునా? ఈ కడపటి ప్రశ్నయే ముఖ్యము. కాళ్లను జూచి యిచ్చిన చదువు, కాలు బెణికిననాడు పోరాదు. దానికి వారు వెంటనే యుత్తర మీయలేదు. పదునైదు దినములకు వ్రాతమూలముగ నొప్పుకొనిరి. రెండు విషయములు సరిపడవనియు, వాని పరీక్షలు మరల వ్రాయవలెననియు జెప్పిరి. మేము ఈ యేటి పోటీలకు పంపమనియు, రెండవ సంవత్సరపు పరీక్షలు ముగిసినపిదపనే పంపుదుమనియు నంటిమి. అందువలన పిల్లకు ఒక యేటి యాట పోయినది. అది యొక దినమంతయు అన్నము ముట్టలేదు. ఆ నష్టము చిన్నది గాదు. పందొమ్మిదేండ్ల కాళ్లకు ఒక యేడు పెద్ద కాలమే. అయినను మరునాడు తానే వచ్చి, మరల వ్రాయవలసిన విషయముల పుస్తకము లెచ్చట దొరకునని యడిగినది.

మాస్టారికి ఈ సంగతి పిల్లయే పోయి చెప్పవలెనని నేను పట్టుపట్టితిని. తండ్రిచేత జెప్పించుట మర్యాద కాదు. ఆయన విని రెండు దినములు మాటాడలేదట. మూడవనాడు బడిలో చదువుచున్న ఇద్దరు చిన్నపిల్లలను దాని ముందు నిలిపి, "నువ్వు వెళ్లేలోగా కాలివేలితో తాకడం వీళ్లకు రావాలి. అది నీ పూచీ" అన్నారట. నాటినుండి సాయంకాలము బస్సు దిగినతోడనే పుస్తకముల సంచి యింట బడవైచి బడి మైదానమునకు పోవుచున్నది. ఆ యిద్దరిలో చిన్నదానికి అప్పుడే గీతకు తిరిగి వచ్చుట తెలిసినదట.