మూడో మంచం దగ్గర

మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఉత్తర తెలంగాణలో ఓ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి, కాన్పుల వార్డు. పొద్దుటి డ్యూటీ దిగేవాళ్లూ మధ్యాహ్నం డ్యూటీ ఎక్కేవాళ్లూ కలుసుకునే వేళ. ఈ అప్పగింత చాలాచోట్ల టేబుల్ దగ్గర, రిజిస్టరు మీదే అయిపోతుంది. ఇక్కడి హెడ్ నర్సు రిజిస్టరు చంకన పెట్టుకుని అందరినీ మంచం మంచానికీ తిప్పుతున్నారు. ఆవిడ అనుమతితో నేనూ వెనకాలే నడిచాను.

కాగితాల మీద ఆవిడ హోదా ఇప్పుడు సీనియర్ నర్సింగ్ ఆఫీసర్. 2023లో రాష్ట్ర ప్రభుత్వం పేర్లు మార్చింది. వార్డులో మాత్రం అందరికీ సిస్టరే.

మొదటి రెండు మంచాల దగ్గర చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. మూడో మంచం మీద రెండో కాన్పు బాలింత. పదకొండింటికి సాధారణ ప్రసవం. "అంతా నార్మలే సిస్టర్" అంది అప్పగిస్తున్న నర్సు. కొత్తగా డ్యూటీ ఎక్కిన అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదట, ప్యాడ్ చూసి, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టింది. "గర్భసంచి మెత్తగా ఉంది సిస్టర్. ప్యాడ్ నిండిపోయింది" అంది, గొంతు తగ్గించి. సీనియర్ మాటను జూనియర్ అందరి ముందూ కాదనడం మన ఆసుపత్రుల్లో చిన్న సంగతి కాదు.

గర్భసంచి గట్టిపడకపోతే రక్తస్రావం ఆగదు. ప్రసవం తర్వాత అర లీటరు పోయిందంటే ప్రమాదం కిందే లెక్క. హెడ్ నర్సు వెంటనే తానే పొట్ట మీద మర్దన మొదలుపెట్టారు. ఒకరిని బీపీ, నాడి చూడమన్నారు. ఇంకొకరిని సెలైన్ ఎక్కించి, ఫ్రిజ్‌లోంచి ఆక్సిటోసిన్ తెమ్మన్నారు. గాబరాపడుతున్న అత్తగారిని ఆయమ్మకు అప్పజెప్పారు. డాక్టరుకు ఫోన్ చేసే పని మాత్రం ఆ అమ్మాయికే.

"చూసింది నువ్వు. నువ్వే చెప్పు."

"మేడమ్, మూడో మంచం బాలింతకు రక్తం ఎక్కువ పోతోంది. పదకొండింటికి కాన్పయింది. నాడి 112, బీపీ 100/60. గర్భసంచి గట్టిపడక పోతున్నట్టుంది. మీరు వెంటనే రావాలి."

ఇప్పుడేమైంది, ముందేం జరిగింది, నేనేం అనుకుంటున్నాను, ఏం కావాలి. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆసుపత్రులకు చేరిన ఈ వరుసను ఎస్‌బార్ అంటారు. జూనియర్లతో రోజూ ఇలాగే చెప్పిస్తారట ఈవిడ. డాక్టరు వచ్చేసరికి మందు ఎక్కుతోంది. కాసేపటికి రక్తం అదుపులోకి వచ్చింది.

పొద్దుటి నర్సును హెడ్ నర్సు పక్కకు పిలిచారు. కేకలు వినబడతాయేమోనని చూశాను. "ప్యాడ్ చివరిసారి ఎప్పుడు చూశావమ్మా?" అని మాత్రం అడిగారు. పన్నెండున్నరకు చూసిందట. ఆ తర్వాత రెండు కాన్పులు వెంటవెంటనే వచ్చిపడ్డాయి. ఆవిడ అక్కడే మర్నాటి పని పంపకం మార్చేశారు: లేబర్ రూమ్ ఎంత రద్దీగా ఉన్నా, కొత్త బాలింతల దగ్గర ఒకరు కదలకుండా ఉండాలి. తప్పు ఎవరిదో తేల్చడం కన్నా అది మళ్లీ జరగకుండా చూడటమే నాకు పెద్ద పనిగా కనిపించింది. నాయకత్వం మీద పెట్టే శిక్షణ తరగతుల్లో ఇంత స్పష్టంగా చెప్పగా నేను వినలేదు.

అప్పగింత పూర్తయ్యేసరికి మూడు కావచ్చింది. డ్యూటీ చార్టులో పొద్దుటివాళ్ల పని రెండింటికే ముగిసింది, తర్వాతివాళ్లదీ రెండింటికే మొదలైంది. మంచం మంచానికీ తిరగడానికి మధ్యలో ఒక్క నిమిషం లేదు. ఆ సమయమంతా నర్సులు తమ ఇంటి వేళలోంచి ఇస్తున్నదే. నర్సుల్లో నాయకత్వం పెంచాలనుకునే అధికారులు ముందుగా ఆ సమయాన్ని చార్టులో డ్యూటీగా రాయాలి.