నాయిన గొంగడికి చిల్లు పడితే నేర్చుకున్న పని

ఈసారి పత్తి రేటు గురించి, యూరియా లైను గురించి రాయట్లేదు. ఉన్ని గురించి రాస్తున్నా. నవ్వుకున్నా పర్వాలేదు, చివరి దాకా చదవండి.

మా నాయిన గొంగడి ఒకటి ఉంది. రాత్రి కరెంటు వస్తే మోటారు పెట్టడానికి అదే కప్పుకొని పోయేవాడు. వానలో కొప్పెర వేసుకుంటే లోపలికి చుక్క దిగేది కాదు. ఆయన పోయి ఆరేళ్లయింది. మొన్న ఎండాకాలం అటక మీద నుంచి దించితే ఎలుకలు రెండు చోట్ల కొరికి పెట్టినయి. అమ్మ ఒక్క మాట అనలేదు. దాన్ని మడతపెట్టి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

టౌనులో ఉన్ని దారం అడిగితే స్వెటర్లు అల్లే మిషన్ దారం చూపించిండ్రు. అది పెడితే రేకు మీద కాగితం అంటించినట్టే. మా వాడకట్టులో ఒక కురుమ అవ్వ ఉంది, ఒకప్పుడు బాగా వడికింది. ఇప్పుడు చూపు ఆనదు. "నీకు నాలుగు నల్ల గొర్రెలు లేవా కొడుకా, నువ్వే వడుకు, నేను చెప్త" అన్నది.

నిజమే. మందలో నాలుగే మిగిలినయి. మిగతాయన్నీ నెల్లూరు రకం, ఎత్తుగా పెరుగుతయి, మాంసానికి మంచివి, ఒంటి మీద వెంట్రుకే గానీ ఉన్ని ఉండదు. నల్ల గొర్రె ఎందుకు తగ్గిందో మీకు నేను చెప్పాల్నా? కత్తిరించే కూలి ఎక్కువ, ఉన్నికి వచ్చేది తక్కువ. నేనూ ఏటా రెండుసార్లు కత్తిరించి గట్టు మీద పారేసినోణ్నే.

ముందు రెండింటికి కత్తిరించినం. ఆ ఉన్నిని నా తెలివితో పాడు చేసిన. జిడ్డు పోవాలని కాగిన నీళ్లలో వేసి, బట్టల పౌడరు పోసి, కట్టెతో బాగా కలియబెట్టిన. తీసి చూస్తే మొత్తం ఒకటే ముద్ద, గుర్రం జీను కింద వేసే నమ్దా లెక్క. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటయి. వేడి, సబ్బు, రాపిడి కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకొని ఇక విడవవు. అవ్వ చేత్తో తడిమి చూసి చాలాసేపు నవ్వింది.

మిగిలిన రెండింటిని ఆమె చెప్పినట్టే చేసిన. గొర్రెనే చెరువులో కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, అప్పుడు కత్తిరించిన. పొట్ట కింద, తోక దగ్గర పేడ అంటిన బొచ్చు పక్కన పెట్టిన. పల్లేరు ముళ్లు ఏరడానికే రెండు పూటలు పట్టింది (అమ్మ కూడా కూర్చుంది). తర్వాత గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం కలిపి, పిసకకుండా ముంచి వత్తి తీయాలె. జిడ్డంతా పోగొట్టొద్దు. కొంచెం ఉంటేనే పోగు సాగుతది, వానకూ ఆగుతది. నీడలో నులక మంచం మీద ఆరబెట్టిన.

ఏకడానికి కుక్కలను దువ్వే ఇనుప పళ్ల బ్రష్‌లు రెండు కొన్న. అవ్వ వాటిని చూసి ముఖం తిప్పుకుంది గానీ పని మాత్రం అయింది. పోగులన్నీ ఒక దిక్కుకు వచ్చినంక వేలు లావున చుట్టి ఏకులు చేసుకోవాలె.

అసలు కష్టం కదురు దగ్గర. కుడిచేయి కదురు తిప్పాలె, ఎడమచేయి ఉన్నిని కొంచెం కొంచెం వదలాలె. ముప్పై ఏళ్లు నాగలి పట్టిన చేతులు వదలడం తెలియక గట్టిగా పట్టుకుంటయి. మొదటి రాత్రి మూరెడు కూడా రాలేదు. ఒకచోట పుల్లంత లావు, ఒకచోట వెంట్రుకంత సన్నం. పురి తక్కువైతే చేతిలోనే ఊడిపోతది, ఎక్కువైతే పాములా మెలికలు తిరుగుతది. నాలుగో రోజు అవ్వ నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టింది. "ముందు పురి పోనీ, తర్వాత లాగు" అన్నది. నేను అప్పటిదాకా రెండూ ఒకేసారి చేస్తున్న. ఆ తర్వాత నుంచి తెగడం తగ్గింది.

పన్నెండు రాత్రులకు నిమ్మకాయంత ఉండ అయింది. రెండు పోగులు కలిపి ఎదురు పురి పెట్టి, తడిపి, కొసకు రాయి కట్టి వేలాడదీస్తే పురి నిలబడ్డది. అవ్వ వేళ్ల మధ్య పోనిచ్చి "ఇది దారం కాదు కొడుకా, తాడు" అన్నది. ఇంకొంచెం జరిపి, "ఈ బారెడు మాత్రం దారమే" అన్నది.

లాభమా అని అడుగుతరు. కాదు. కూలి లెక్కేస్తే ఆ డబ్బుతో కొత్త గొంగడి వచ్చేది. కానీ అది నాయినది కాదు గదా.

చిన్న చిల్లు పూడ్చిన. అతుకు ఉబ్బెత్తుగా కనిపిస్తది, అమ్మ దాని మీదే చేయి వేసి పడుకుంటది. పెద్ద చిల్లు అట్లనే ఉంది. ఉన్ని సగం నా నేర్చుకోవడానికే పోయింది, ఇప్పుడు నాట్లు మొదలైనయి. మళ్లీ కత్తిరించేది దసరా తర్వాతనే. మీలో ఎవరన్నా నల్ల గొర్రెల బొచ్చు పారేసేటట్టయితే, పేడ బొచ్చు తీసేసి సంచిలో వేసి ఉంచండి. బండి మీద నేనే వచ్చి తీసుకపోత.