తలపై ఒక చేయి

తలనొప్పిపై వ్యాసమేమిటని విద్యార్థి మిత్రులు నవ్వుకొనవచ్చును. నెలలో సగం దినాలు ఎడమ కణత పట్టుకొని పాఠం చెప్పిన అధ్యాపకునికి మాత్రం అది నవ్వులాట కాదు. వెలుతురు కంటిలో గుచ్చుకొనేది. బెంచీ కదిలిన చప్పుడు సమ్మెటపోటులా వినిపించేది. నల్లబల్లపై వ్రాస్తూ వాక్యం మధ్యలో ఆగిపోయిన రోజులు కలవు. మీలో కొందరు చూచి కూడా చూడనట్లు తలలు వంచుకొన్నారు. ఆ మర్యాదకు కృతజ్ఞుడను.

మా గ్రామం నూజివీడు ప్రాంతపు మామిడి తోటల నడుమ ఉన్నది. మాకున్నది రెండెకరాల తోట. కొన్ని చిన్న రసాలు, కొన్ని బంగినపల్లి. అబ్బా కాలం చేసిన తరువాత దానిని ఏటేటా గుత్తకిచ్చి, వచ్చిన సొమ్మును అమ్మీ తన ఇనుప పెట్టెలో దాచుకొనేది. గడచిన వేసవి సెలవులలో ఒక సాయంత్రం ఆమె ఆ పెట్టె తెరచి ఇరవై వేల రూపాయలు నా చేతిలో పెట్టింది.

"బేటా, బెజవాడలో ఎవరో తలపై చేతులుంచి నొప్పి తీసేస్తున్నారట. పొరుగింటి ఆపాకు తగ్గింది. నువ్వూ వెళ్ళి రా" అన్నది.

ఆ చికిత్స పేరు క్రేనియోసేక్రల్ థెరపీ. రెండు వేల చొప్పున పది పర్యాయాలు. కాదనడానికి నాకు నోరు రాలేదు. ఔననడానికి మనసు రాలేదు. ఒక వారం గడువడిగాను. నేను తెలుగు చదువుకొన్నవాడనే గాని వైద్యుడను కాను. అయినను చదవడం తెలిసినవాడను గనుక చదవనారంభించాను.

దీని పుట్టుక అమెరికాలో. 1899లో విలియం సదర్లాండ్ అనే ఆస్టియోపతీ విద్యార్థి విడదీసిన పుర్రె ఎముకల అంచులను చూచి, అవి కదలడానికే అట్లు ఏర్పడినవని తలపోశాడు. ఆ ఊహపై ఆయన ఒక చికిత్సను నిర్మించాడు. తరువాత 1975 నుండి 1983 వరకు మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ అప్లెడ్జర్ దానికి నేటి పేరును, రూపును ఇచ్చాడు. మెదడును, వెన్నుపామును ఆవరించిన ద్రవం ఒక లయలో ఉబ్బి తగ్గుతుందనీ, ఆ లయ చేతికి తెలుస్తుందనీ, ఐదు గ్రాముల బరువంతటి తేలిక స్పర్శతో దానిని సరిచేయవచ్చుననీ వారి వాదన. ఆ ద్రవం కదులుతున్న మాట నిజమే. గుండె కొట్టుకొన్నప్పుడు, ఊపిరి పీల్చినప్పుడు అది కదులుతుంది. కాని పెద్దవారి పుర్రె ఎముకలు ఒకదానిలో ఒకటి బిగిసి ఉంటాయి. అంతటి తేలిక స్పర్శకు అవి కదిలి రోగం నయమవుతుందనడానికి తగిన నిదర్శనం నాకు కనబడలేదు.

ఈ సందేహాలతో ఒకనాడు కాయ కోత జరుగుతున్న తోటలోకి వెళ్ళాను. అక్కడొక వృద్ధుడు చిక్కం నుండి దింపిన కాయలను వేరుచేస్తున్నాడు. తొడిమ వద్ద బొటనవ్రేలు ఆనించి, కాయ భుజాలు తడిమి, "ఇది ముదురు, ఇది లేత" అని క్షణంలో చెప్పేస్తున్నాడు. చేతికి జ్ఞానముండదని ఎవరనగలరు? నేను సగం నమ్మినవాడనై వెనుదిరగబోయాను. అంతలో ఆయన కుమారుడు వచ్చి, తండ్రి లేతదన్న కాయనే తానూ తడిమి లేతదన్నాడు. కోసి చూపితే లోపల టెంక ఇంకా గట్టిపడలేదు.

నాకు కావలసిన ప్రశ్న అక్కడ దొరికింది. ఇద్దరి చేతులు ఒకే మాట చెప్పుతున్నవా? 1994లో ఫిజికల్ థెరపీ అనే పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో ముగ్గురు చికిత్సకులు 12 మందిని విడివిడిగా పరీక్షించి ఆ లయను లెక్కించారు. ఒకరి లెక్క మరొకరి లెక్కతో సరిపోలేదు. మామిడికాయ విషయంలో కుదిరిన ఏకాభిప్రాయం మనిషి తల విషయంలో కుదరలేదన్న మాట.

ఇట్లు పరీక్షించి చూడడం పాశ్చాత్యుల నుండి మాత్రమే నేర్చుకోవలసిన విద్య కాదు. వెయ్యి సంవత్సరాలకు పూర్వమే అల్ రాజీ అనే మహా వైద్యుడు తలకు సోకే సర్సామ్ అను జబ్బులో కొందరికి రక్తం తీయించి, మరికొందరికి కావాలనే తీయించక, ఇరువురి ఫలితాలను పోల్చి చూచినట్లు వ్రాసుకొన్నాడు. యునానీ వైద్యాన్ని గౌరవించే మన ఇళ్ళలో ఈ సంగతి మరింత ప్రచారం పొందవలసియున్నది.

వారం గడిచింది. తెలిసినదంతా అమ్మీకి చెప్పాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే ఆపా అబద్ధమాడుతున్నదా?" అని అడిగింది.

నేను చదివిన పుస్తకాలన్నిటికంటె కఠినమైన ప్రశ్న అది. "లేదమ్మీ, ఆమెకు తగ్గిన మాట నిజమే. ఎందుకు తగ్గిందనేదే వేరే మాట. తలనొప్పి పెరిగి పెరిగి తానుగా తగ్గేది కూడా. అది బాగా ముదిరినప్పుడే మనం వైద్యం వెదుకుతాం. ఒక గంట నిశ్శబ్దంగా పడుకొంటే, ఒక మనిషి శ్రద్ధగా తలపై చేయి వేస్తే ఎవరికైనా హాయిగానే ఉంటుంది" అన్నాను. ఆమెకు పూర్తిగా నచ్చలేదు. "చదువుకొన్నవాడికి నేనేం చెప్పను? ఆ డబ్బు డాక్టరుకే ఇయ్యి. ఊరికే ఉండకు" అన్నది. నిజానికి అంతవరకు నేను ఊరికే ఉన్నాను. చికిత్సను శంకించడంలో చూపిన శ్రద్ధ నా జబ్బును చూపించుకోవడంలో చూపలేదు.

విజయవాడలో నరాల వైద్యుడు పరీక్షించి, ఇది పార్శ్వపు నొప్పి అన్నారు. ప్రతి నొప్పినీ, మ్రింగిన ప్రతి మాత్రనూ ఒక పుస్తకంలో వ్రాయమన్నారు. నెల తిరిగేసరికి నేను 17 దినాలు మాత్రలు మ్రింగినట్లు తేలింది. నెలకు 15 దినాలు, అంతకు మించి నొప్పి మాత్రలు వాడితే వాటి వలననే తలనొప్పి స్థిరపడగలదని ఆయన వివరించారు. అవి మాన్పించి, వేరొక మందు ఇచ్చి, వేళకు తినమని, వేళకు నిద్రపొమ్మని చెప్పారు. ఇప్పుడు నెలకు మూడు నాలుగు దినాలు నొప్పి వస్తున్నది. పూర్తిగా పోలేదు. పెట్టెలోని సొమ్ములో మిగిలినది తిరిగి పెట్టెలోకే చేరింది.

విద్యార్థులారా, మీ ఇంటిలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక చికిత్స పేరు ప్రేమతో చెప్పుతారు. ఆ ప్రేమను నవ్వులపాలు చేయకండి; అట్లని ఆ ప్రేమనే నిదర్శనంగా స్వీకరించకండి. ముందు జబ్బు ఏమిటో తెలిసికొనండి. ఆలస్యం వలన కలిగే నష్టం తేలిక చేతుల వలన కలిగే నష్టంకంటె పెద్దది.

డాక్టరు వద్దకు బయలుదేరే ముందటి రాత్రి అమ్మీ కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి తెచ్చి, చాపపై నన్ను కూర్చుండబెట్టి తల మర్దించింది. ఎన్ని ఏండ్లయినదో ఆమె చేయి నా తలపై పడి. నా పుర్రె ఎముకలేవీ కదలలేదు. నిద్ర మాత్రం పట్టింది.