తేరు తిరిగే వీధి

మా ఊరికి వచ్చిన చుట్టాలు చంద్రచూడేశ్వరుడి కొండెక్కి, బెంగళూరు దిక్కుగా లేచిన మేడలను చూసి, "హొసూరు ఎంత పెరిగిపోయిందప్పా!" అంటారు. పెరిగింది, నిజమే. అయితే ఊరిని కొండమీద నుంచి కొలవడం నాకు నచ్చదు. తేరుపేటలో నడిచి కొలవాల.

తేరుపేట కొలత దాని పేరులోనే ఉంది. ఏటా ఎండలు ముదరకముందే సామి తేరు కదులుతుంది. ఆ తేరు మలుపు తిరగాల, మోకు పట్టిన జనం నిలవాల, చూసేవాళ్లు కూచోను ఇరుపక్కలా తిన్నెలుండాల. పట్టణ నిర్మాణమనే చదువు చదవనివాళ్లు కట్టుకున్న వీధులివి. అమెరికాలో జేన్ జేకబ్స్ అనే ఆమె 1961లో పెద్ద పుస్తకమే రాసి చెప్పింది: వీధికి అసలు కాపలా పోలీసులు కారు, వాకిళ్లలోనూ అంగళ్లలోనూ ఉండేవాళ్ల కండ్లు అని. డెన్మార్కు వాస్తుశిల్పి యాన్ గేల్, అయిదో అంతస్తు దాటితే మనిషికి నేలతో పొత్తు తెగిపోతుందన్నాడు. మా అవ్వ వీళ్ల పేర్లు వినలేదు. పొద్దుగూకే వేళకు తిన్నెమీద కూచుని, ఎవరి పిల్లోడు ఎటు పోయినాడో, ఎవరింటికి ఏ ఊరి చుట్టం వచ్చినాడో చెప్పేది.

1970లలో సిప్కాట్ వచ్చింది. దాని వెనకే అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చినాయి. చుట్టుపక్కల పల్లెల్లో వానను నమ్ముకున్న కుటుంబాలకు నెల జీతం చేతికందింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. 2001లో 84 వేలు దాటిన జనాభా 2011కి 1,16,000 దాటింది. 2019లో ఊరు కార్పొరేషన్ అయింది. 2024లో 2,000 ఎకరాల్లో, ఏడాదికి 3 కోట్లమంది వచ్చిపోయే విమానాశ్రయం కడతామని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. విమానం దిగే దారిలో మేడల ఎత్తుకు హద్దు పెడతారు కాబట్టి, ఆకాశాన్నంటే మేడల మోజుకు ఆకాశమే అడ్డం వస్తుందేమో! కృష్ణగిరికి ఆ మోజే లేదు. కోట ఉన్న ఆ రాతిగుట్టను మించిన మేడ కట్టేవాడు ఇంకా పుట్టలేదు.

పనికోసం వచ్చినవాళ్లకు ఇండ్లు కావాల. మేడలు కట్టనీ. నా కొట్లాట ఎత్తుతో కాదు, అడుగు అంతస్తుతో. అక్కడ ఉండేదేమి? నిలువెత్తు కాంపౌండు గోడ, ఒక గేటు, గేటుకొక వాచ్‌మన్, లోపల కార్లు. గోడ పొడుగునా ఒక్క వాకిలి లేదు, ఒక్క అంగడి లేదు. బయట నడవను గట్టు లేదు. జాతీయ రహదారి ఊరిని రెండుగా చీల్చినాక, ఈ పక్కనుంచి ఆ పక్కకు దాటను నాబోటి ముసలోడికి గుండె దిటవు కావాల. మద్రాసు పాండీ బజారులో 2019లో నడిచేవాళ్లకు వెడల్పాటి దారి వేసినారు. మన ఊర్లకు అంత సొగసు అక్కర లేదు. రెండు మూరల గట్టు, ఎండకు నాలుగు చెట్లు చాలు.

ఇది మన భాష మాట కూడా. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి పోయింది. తెలుగు బడులు వెలవెలబోయినాయి. ఇంక మన పిల్లలకు మిగిలిన తెలుగు బడి వీధే. అక్కడ పూలమ్మే ఆమె తెలుగులో పలకరించి, కన్నడంలో బేరమాడి, తమిళంలో చిల్లర లెక్కపెడుతుంది. మూడు భాషలకూ ఆమె నోట తగాదా లేదు. లిఫ్టులో ఎవరు ఏం మాట్లాడతారు? నంబరు నొక్కి తలుపుదిక్కు చూస్తారు.

నా మనవరాలు ఏడో అంతస్తులో ఉంటుంది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులు చెబుతుంది. ఆదివారాలు దాన్ని సంతకు నడిపించుకుని పోతున్నాను. నేలమీద గోతం పరిచి ఆకుకూరలమ్మే ఒక అవ్వ ఉంది. (వీధి వ్యాపారులను సర్వే చేసి గుర్తింపు ఇచ్చేదాకా లేపగూడదని 2014 చట్టం చెబుతుంది. అది ఆమె దాకా వచ్చినట్టు లేదు, లాఠీ కనిపిస్తే గోతం చుట్టేస్తుంది.) మొదటి వారం ఆమె "ఏం పాపా, ఏమి కావాల?" అంటే పిల్ల నా వెనక దాక్కుంది. రెండో వారం వేలు చూపించింది. మొన్న నేను అడక్కముందే కట్ట చేతికి తీసుకుని, "ఇది చెంచలాకు కదా అవ్వా?" అనింది.

"అవును తల్లీ" అని ఆమె ఇంకో రెండు కొమ్మలు కొసరు వేసింది.