చుక్కల తాబేలు వెల ఎంత?

మన దేశంలో ఒక తాబేలు ఉన్నది. దాని వీపు చూస్తే ఎవరో తీరిగ్గా కూచుని ముగ్గు పెట్టారా అనిపిస్తుంది. నల్లని డిప్ప మీద పెద్ద పలకలు పదమూడు. ఒక్కొక్క పలక నడుమ పసుపుపచ్చని బొట్టు, ఆ బొట్టు నుంచి చుట్టూరా పసుపుపచ్చని గీతలు. అందుకే దాన్ని నక్షత్ర తాబేలు అన్నారు. ఇది చెరువుల్లో ఉండే తాబేలు కాదు. మెట్టనేలల్లో తిరుగుతుంది, గడ్డీ, ఆకులూ, రాలిన పూలూ పళ్ళూ తింటుంది. రాయలసీమ గుట్టల్లోనూ బీళ్ళలోనూ, తమిళనాడు, కర్ణాటక మెట్టల్లోనూ, అటు గుజరాత్, రాజస్థాన్‌లలోనూ, శ్రీలంకలోనూ ఇది ఉన్నది.

ఈ తాబేలును కొని ఇంట్లో పెంచుకోవచ్చునా, కూడదా అని ఈ మధ్య ఒక అబ్బాయి నన్ను అడిగాడు. ప్రశ్న చిన్నదే. కాని జవాబు దొరకాలంటే కాస్త దూరం నడవాలి, అదీ తాబేలు నడకతో.

ముందుగా ఆ చుక్కల సంగతి చూద్దాం. అంత అందం ఒక తాబేలుకెందుకు? మీరు దాన్ని గచ్చు మీద పెట్టి చూస్తే అందంగానే ఉంటుంది. ఎండుగడ్డిలో పెట్టి పది అడుగులు వెనక్కు జరిగి చూడండి, అది కనపడదు! గడ్డిపోచలూ, వాటి సందుల్లో పడే ఎండా నీడా ఎలా ఉంటాయో ఆ గీతలు సరిగ్గా అలాగే ఉంటాయి. గద్ద కళ్ళనుంచీ, నక్క కళ్ళనుంచీ తప్పించుకునేందుకు దానికి ఆ చొక్కా దొరికింది. మనిషి వచ్చేదాకా ఆ చొక్కా బాగానే పనిచేసింది. మనిషి మటుకు ఆ చుక్కలు చూసి ముచ్చటపడ్డాడు. దాక్కోవటానికి తొడుక్కున్న చొక్కాయే దాన్ని పట్టిచ్చింది.

తొలకరి వానలు పడగానే ఈ తాబేళ్ళు పొదల కిందినుంచి బయటికి వస్తాయి. పట్టేవాళ్ళకు అదే అదను. పరుగెత్తలేదు, కరవదు, అరవదు; గోనెసంచిలో వేసుకుంటే సరి. పట్టినవాడు దాన్ని ఊళ్ళో ఒకడికి అమ్ముతాడు. వాడు పట్నంలో ఇంకొకడికి అమ్ముతాడు. చేయి మారినప్పుడల్లా వెల పెరుగుతుంది. ఆఖరుకు అది పెట్టెల్లోకెక్కి విమానంలో దేశాలు దాటుతుంది. కాళ్ళు కదపకుండా, చప్పుడు కాకుండా ఉండేందుకు ఒక్కొక్కదానికీ చుట్టూ అంటుబిళ్ళ కాగితం బిగించి కడతారు. 2019 మార్చిలో ఫిలిప్పీన్స్ దేశపు మనీలా విమానాశ్రయంలో ఎవరో వదిలేసి పోయిన పెట్టెలు విప్పితే అలా చుట్టిన తాబేళ్ళు సుమారు 1,500 బయటపడ్డాయి. వాటిలో మన నక్షత్ర తాబేళ్ళు కూడా ఉన్నాయి.

మన దేశంలో ఈ వర్తకాన్ని పరిశీలించినవారు 2015లో ఒక లెక్క అచ్చు వేశారు. తాబేళ్ళను పోగుచేసే ఒక్క కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 తాబేళ్ళను పట్టారట! ఆ అంకెను 365తో భాగించి చూడండి. రోజుకు నూటయాభై.

అడవిలో పుట్టేవి పుడుతూనే ఉంటాయి గదా, కొన్ని పోతేనేం అని మీకు తోచవచ్చు. ఈ తాబేలు ఎలా పెరుగుతుందో తెలిస్తే అలా తోచదు. ఆడ తాబేలు గుడ్లు పెట్టే ఈడుకు రావటానికి సుమారు పదేళ్ళు పడుతుంది. అది వెనకకాళ్ళతో గొయ్యి తవ్వుతుంది. నేల గట్టిగా ఉంటే తన ఒంట్లోని నీటితో తడిపి మెత్తచేస్తుంది. అందులో కాసిని గుడ్లు పెట్టి, మన్ను కప్పి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కు తిరిగి చూడదు. పిల్లలు బయటికి రావటానికి నెలలు పడుతుంది. ఇందులో ఒక వింత ఉన్నది: గుడ్డులో ఉన్నది ఆడదవుతుందో మగదవుతుందో మట్టి వేడిమిని బట్టి ఉంటుంది. వేడి హెచ్చుగా ఉంటే ఆడవి, తగ్గితే మగవి.

ఇప్పుడొక లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించి చెప్పేవే. ఒక గుట్ట మీద గుడ్లు పెట్టే ఆడ తాబేళ్ళు ఇరవై ఉన్నాయనుకోండి. ఏడాదికి ఒక్కొక్కటి ఐదు గుడ్ల చొప్పున నూరు గుడ్లు. కుళ్ళినవీ, ముంగిసలూ ఉడుములూ తిన్నవీ పోను ముప్పై పిల్లలు పైకి వచ్చాయి. పసిపిల్ల డిప్ప మెత్తన, కాకి ముక్కుకు ఆగదు. వాటిలో పదేళ్ళు బతికి తల్లి అయ్యేది ఒక్కటి అనుకుందాం. అదే ఏడు ముసలితనంతోనో రోగంతోనో పెద్దది ఒకటి పోతుంది. వచ్చింది ఒకటి, పోయింది ఒకటి. గుట్ట మీద ఇరవై అలాగే ఉన్నాయి. ఇంతలో ఒకడు సంచి పట్టుకొచ్చి ఒక్క పొద్దుటిపూట ఆరు తాబేళ్ళను ఏరుకుపోయాడు. ఆ ఆరూ మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తాయి?

ఆరేళ్ళకని చెప్పినవాళ్ళు తొందరపడ్డారు. వచ్చే ఒకటీ పోయే ఒకటికి సరిపోతున్నప్పుడు మిగులు ఎక్కడిది? పైగా ఇప్పుడు గుడ్లు పెట్టేవి పద్నాలుగే. గుడ్లు నూరు కాదు, డెబ్బై. కోడిని కోసుకు తిన్నా ఏడాది తిరిగేసరికి దొడ్డి నిండుతుంది. ఈ గుట్ట అలా నిండదు.

నేను ఇంతదాకా చెప్పాక ఆ అబ్బాయి ఊరుకోలేదు. తెలివైనవాడు. "మాస్టారూ, అంగట్లో ఉన్నది ఎలాగూ పట్టుబడ్డదే గదండీ? నేను కొనకపోతే ఇంకొకరు కొంటారు. నేనైతే బాగా చూసుకుంటాను. అది దానికి మేలే గదా?" అన్నాడు.

ఇది తేలిగ్గా కొట్టిపారెయ్యవలసిన మాట కాదు. ఆ ఒక్క తాబేలు వరకు అతను చెప్పింది నిజమే కావచ్చు. కాని అమ్మేవాడి వైపునుంచి చూడండి. వాడి చేతికి డబ్బు వచ్చింది, బుట్టలో చోటు ఖాళీ అయింది. కొన్నవాడు జాలితో కొన్నాడా, సరదాకి కొన్నాడా అనేది వాడికి అక్కర్లేదు. జాలితో ఇచ్చిన నోటు మీద జాలి అని రాసి ఉండదు. ఆ ఖాళీ నింపటానికి వాడు మళ్ళీ గుట్టకు కబురుపెడతాడు. అంటే అంగట్లోని తాబేలు బతకటానికి గుట్ట మీద ఇంకా హాయిగా మేస్తున్నది సంచిలోకి వెళ్ళాలి. ఆ రెండోది అతని కళ్ళ ఎదుట లేదు, అంతే తేడా.

బాగా చూసుకోవటం సంగతి కూడా కాస్త చెప్పాలి. కుక్కకు ఆకలైతే మొరుగుతుంది, పిల్లి కాళ్ళకు చుట్టుకుంటుంది. తాబేలు ఏమీ అనదు. దానికి చాలా రోజులు తిండి లేకుండా ఉండే శక్తి ఉన్నది. మనం అన్నం పెడతాం, పాలు పోస్తాం, గచ్చునేల మీద నీడలో ఉంచుతాం. ఎండా, దానికి తగిన ఆకూ గడ్డీ లేకపోతే ఎముక మెత్తబడుతుంది. డిప్ప మీది పలకలు ఒక్కొక్కటే గోపురంలా పైకి లేస్తాయి. తాబేలు డిప్ప దాని ఇల్లు అని కథల్లో చెబుతారుగాని, నిజానికి డిప్ప దాని వెన్నెముకా పక్కటెముకలూ కలిసి ఏర్పడినదే. డిప్ప వంకరైతే ఒళ్ళు వంకరైనట్టే. ఇదంతా ఏళ్ళ తరబడి జరుగుతుంది. ఇంటివాళ్ళు మాత్రం "మా తాబేలు ఎంత సాధువో! కదలను కూడా కదలదు" అని మురిసిపోతారు.

పెద్దలకు కూడా ఒక మాట. తాబేలు ఇంట్లో ఉంటే సిరి వస్తుందని నమ్మి కొనేవారు ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలోని శ్రీకూర్మంలో విష్ణుమూర్తిని కూర్మరూపంలో కొలుస్తున్నాం. దేవతలూ రాక్షసులూ పాలసముద్రం చిలికినప్పుడు మందరపర్వతాన్ని వీపు మీద మోసింది ఆ కూర్మమే గదా. అంత కొండను మోసినవాణ్ణి ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి, డబ్బు తెచ్చిపెట్టమనటం ఏం భక్తో నాకు బోధపడదు.

అలాగని పాపమంతా గుట్ట మీద ఏరినవాడి నెత్తిన రుద్దటం కూడా న్యాయం కాదు. ఆ వర్తకంలో అందరికన్న తక్కువ దక్కేది వాడికే. పట్టుబడితే ముందు జైలుకు పోయేదీ వాడే కావచ్చు. ఎక్కడో దూరాన మేడలో కూచుని "ఎంతైనా ఇస్తాను" అన్నవాడి మాటే వాణ్ణి గుట్ట ఎక్కిస్తున్నది.

ఈ వర్తకం ఇలాగే సాగితే ఏమవుతుందో చూడటానికి మయన్మారు దాకా పోతే చాలు. మన తాతలు బర్మా అన్న దేశమే. దీని దాయాది అయిన నక్షత్ర తాబేలు ఒకటి అక్కడ ఉన్నది. తినటానికీ పెంచుకోవటానికీ ఏరగా ఏరగా, 2000 సంవత్సరం దాటిన కొద్ది ఏళ్ళకు అడవిలో అది దాదాపు లేకుండా పోయింది. 2004 ప్రాంతంలో సుమారు 175 తాబేళ్ళను చేర్చి, రక్షిత స్థలాల్లో కావలి పెట్టి పిల్లలు పెట్టించారు. 2017 నాటికి వాటి సంఖ్య 14,000 దాటింది. కొన్నిటిని తిరిగి అడవిలో వదిలారు. సంతోషించవలసిన సంగతే. కాని సంచి మోసినవాళ్ళు తేలిగ్గా పోగొట్టినదాన్ని తిరిగి తేవటానికి ఎందరు ఎన్నేళ్ళు పాటుపడ్డారో చూడండి!

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది. నక్షత్ర తాబేలును పట్టటం, అమ్మటం, కొనటం, ఇంట్లో ఉంచుకోవటం అన్నీ నేరాలే. 2019లో దేశాలన్నీ కలిసి, దీన్ని ఒక దేశం నుంచి మరొక దేశానికి వర్తకానికి పంపకూడదని కట్టడి చేశాయి. అంతకు ముందు "ఇది అడవిది కాదు, మా తోటలో పుట్టింది" అని కాగితాలు చూపి అడవి తాబేళ్ళనే అమ్మినవాళ్ళు ఉన్నారు.

గాజుతొట్లలో అమ్మే, చెవి దగ్గర ఎర్రచార ఉన్న చిట్టి తాబేళ్ళను మీరు చూసే ఉంటారు. అవి అమెరికా నీటి తాబేళ్ళు. రూపాయి బిళ్ళంత ఉన్నాయని కొంటారు. పెరిగి జానెడు దాటేసరికి తీసుకుపోయి ఊరి చెరువులో వదిలేస్తారు. అక్కడ అవి మన చెరువు తాబేళ్ళ తిండికీ చోటుకూ పోటీ వస్తాయి. వాటి ఒంటి మీది సూక్ష్మజీవుల వల్ల పిల్లలకు జబ్బు చేస్తున్నదని 1975లో అమెరికావాళ్ళే నాలుగు అంగుళాలకన్న చిన్న తాబేళ్ళను అమ్మకూడదన్నారు.

మీ ఇంట్లోనో, తెలిసినవారి ఇంట్లోనో ఇప్పటికే నక్షత్ర తాబేలు ఉంటే దాన్ని దగ్గర్లో ఉన్న గుట్ట మీద వదిలెయ్యకండి. దాని రోగం అక్కడివాటికి అంటవచ్చు. అది ఏ ప్రాంతపుదో కూడా మనకు తెలియదు. సింగపూరులో పట్టుబడి వెనక్కు వచ్చిన తాబేళ్ళ పుట్టుచోటు తెలుసుకోవటానికి హైదరాబాదు శాస్త్రజ్ఞులు వాటి డి.ఎన్.ఎ. పరీక్షించవలసి వచ్చింది, ఆ సంగతి 2006లో ప్రచురించారు. 2018లో సింగపూరు నుంచి 51 తాబేళ్ళు కర్ణాటకకు తిరిగి వచ్చినప్పుడు కూడా వాటిని నేరుగా అడవిలో వదిలెయ్యక, ముందు ఆవరణలో ఉంచి అలవాటు చేశారు. ఇది మనబోటివాళ్ళు పెరట్లో చేసే పని కాదు. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్ళి అటవీశాఖవారికి అప్పగించండి. అంగట్లో అమ్ముతున్నట్టు కనిపించినా వారికే చెప్పండి.

వానాకాలంలో మీరు ప్రయాణం చేస్తుండగా రోడ్డు మీద ఇది అడ్డంగా పోతూ కనిపించవచ్చు. బండ్లు వస్తుంటే పెద్దవాళ్ళు దాన్ని రెండు చేతులతో మెల్లిగా, నేలకు దగ్గరగా పట్టుకుని దాటించవచ్చు. అదాటున పైకెత్తితే భయపడి ఒంట్లో దాచుకున్న నీళ్ళు వదిలేస్తుంది. ఆ నీళ్ళు దానికి మళ్ళీ ఎప్పుడు దొరుకుతాయో! అది ఎటు మొహం పెట్టి పోతున్నదో ఆ పక్కనే దించాలి. వచ్చిన వైపే దించితే, మీ బండి కదిలాక అది మళ్ళీ మొదటినుంచి రోడ్డు దాటటం మొదలుపెడుతుంది.