లిబరేటర్ల కింద రంగం

2024 అక్టోబర్ 20, ఆదివారం

బ్రిటిష్ వాయుసేన 159వ స్క్వాడ్రన్ గురించి ఇన్నాళ్లూ పోగుచేసిన కాగితాలు ఇవాళ ఒక వరసకు తెచ్చాను. 1942 జనవరిలో ఇంగ్లండులో మళ్లీ ఏర్పడిన దళం ఇది. కొన్నాళ్లు మధ్యప్రాచ్యంలో పనిచేసి ఆ ఏడాదే బెంగాల్ చేరింది. నవంబర్ 17న బర్మా మీద దాని తొలి దాడి. నడిపిన విమానం అమెరికా లిబరేటర్: నాలుగు ఇంజన్లు, ఈ కొస నుంచి ఆ కొసకు 110 అడుగుల రెక్కలు. జర్మనీ మీద ఎగిరిన లాంకాస్టర్ల గురించి సినిమాలే వచ్చాయి. మన నేల మీద నుంచి లేచిన ఈ బాంబర్ల గురించి మనకే తెలియదు.

సాల్బని, డిగ్రి. దళం చాలాకాలం ఉన్న విమానాశ్రయాలు ఈ రెండే, రెండూ మేదినీపూర్ జిల్లాలోనివే. ఆ జిల్లాను 1942 అక్టోబర్ 16న తుపాను ఊడ్చేసింది. మరుసటి ఏడు కరువు. పెట్రోలూ బాంబులూ దిగుమతి అవుతున్న జిల్లాలోనే జనం గంజినీళ్లకు వీధిన పడ్డారు. ఎవరు ఈ స్క్వాడ్రన్ చరిత్ర రాసినా ఆ కరువును మొదటి అధ్యాయంలోనే చెప్పాలి. విమానాలు ఎక్కడి నుంచి లేచాయో చెప్పి, ఆ రన్‌వే పక్క ఊళ్లో ఏం జరిగిందో చెప్పకపోవడం సగం చరిత్రే.

అక్టోబర్ 23

రాత్రిపూట బంగాళాఖాతం దాటడం, వానాకాలపు మబ్బుల్లో దారి వెతుక్కోవడం. శత్రువు తుపాకీ పేలకుండానే ఎన్నో విమానాలు ఈ మబ్బుల్లో పోయాయి. ఇవాళ ఇంతకంటే రాయలేను.

అక్టోబర్ 27, ఆదివారం

ఈ దళం చేసిన పెనాంగ్ దాడికి ఈ నెలతో 80 ఏళ్లు. దాన్ని నడిపించిన వింగ్ కమాండర్ జేమ్స్ బ్లాక్‌బర్న్ మీద నాకు గౌరవం పెరుగుతూనే ఉంది. ఆయన ధైర్యవంతుడు, అంతకుమించి లెక్క తెలిసినవాడు. 1,100 మైళ్ల అవతల ఉన్న లక్ష్యానికి లిబరేటర్ 3,000 పౌండ్ల బాంబులే మోయగలదని అప్పటిదాకా అందరి నమ్మకం. ఇంజన్లను ఏ వేగంలో నడిపితే ఎంత పెట్రోలు తాగుతాయో ఆయన ఓపిగ్గా పరీక్షించి చూశాడు. ఆ పరీక్షలు ఫలించాక అదే దూరానికి బరువు 8,000 పౌండ్లకు చేరింది. ఇంజన్లు మారలేదు, నడిపే తీరు మారింది. ఆ లెక్కను నమ్ముకునే 1944 అక్టోబర్‌లో 15 లిబరేటర్లు జపాన్, జర్మనీ జలాంతర్గాములు వాడుకునే పెనాంగ్ రేవు ముఖద్వారంలో మైన్లు జారవిడిచాయి. రానూపోనూ 3,000 మైళ్లు. అన్నీ తిరిగొచ్చాయి.

నవంబర్ 2

ఈ దళంలోని వైర్‌లెస్ ఆపరేటర్ స్టాన్లీ వుడ్‌బ్రిడ్జ్ గురించి చదివాను. 1945 జనవరి 31న ఆయన ఉన్న లిబరేటర్ బర్మా అడవిలో కూలింది. ఆరుగురు జపాన్ సైనికులకు చిక్కారు. కోడ్‌ల కోసం, వైర్‌లెస్ రహస్యాల కోసం వుడ్‌బ్రిడ్జ్‌ను అందరికంటే ఎక్కువగా హింసించారు. ఆయన నోరు విప్పలేదు. అధికారులైన ఇద్దరిని ఖైదీల శిబిరానికి పంపి, మిగతా నలుగురినీ ఫిబ్రవరి 7న అడవిలోకి తీసుకెళ్లి తలలు నరికారు. 1948లో ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు. సమాధి రంగూన్‌లో ఉంది. చదివాక చాలాసేపు మరో పని చేయబుద్ధి కాలేదు.

నవంబర్ 9

ఈ దళమూ దాని తోటి దళాలూ పదేపదే బాంబులు వేసిన ఊళ్లలో రంగూన్ ఒకటి. మా శ్రీకాకుళం వైపు రంగం అంటాం. యుద్ధానికి ముందు బర్మాలో లక్షకు పైగా తెలుగువాళ్లు ఉండేవారు. రంగం రేవులో మూటలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిందీ ఎక్కువగా మనవాళ్లే. 1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడ్డప్పుడు చచ్చినవాళ్లలో రేవు కూలీలు ఎందరో. ఆ తర్వాత లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ పట్టి నడిచి ఇళ్లకు బయలుదేరారు. దారిలో కలరాకూ ఆకలికీ వేలమంది రాలిపోయారు.

వెళ్లలేనివాళ్లు అక్కడే ఉండిపోయారు. వాళ్ల మీద రెండోసారి బాంబులు పడ్డాయి, ఈసారి బెంగాల్ నుంచి. రేవు, రైల్వే యార్డులు యుద్ధ లక్ష్యాలే, కాదనను. జపాన్ సైన్యానికి తిండీ మందుగుండూ అక్కడి నుంచే వెళ్లేవి. కానీ యార్డు పక్కన గుడిసెల్లో ఉన్నదెవరు? మా తాతయ్య అన్నగారు అలా ఉండిపోయినవాడే. 1942 తర్వాత ఆయన దగ్గర నుంచి ఉత్తరం లేదు.

నవంబర్ 10, ఆదివారం

సియాం-బర్మా రైలుమార్గం కూడా లిబరేటర్ల లక్ష్యమే. 415 కిలోమీటర్ల ఆ దారి వేయడానికి జపాన్ వాళ్లు 60 వేలకు పైగా యుద్ధ ఖైదీలను తోలారు. 12 వేల పైచిలుకు మంది చనిపోయారు. మలయా తోటల నుంచి తీసుకెళ్లిన తమిళులూ తెలుగువాళ్లూ, బర్మా, జావా మనుషులూ కలిసి అంతకు ఎన్నో రెట్లు. ఆ ఆసియా కూలీల మరణాలు 90 వేల దాకా అని ఒక అంచనా. ఖైదీల సమాధుల మీద పేర్లున్నాయి. కూలీలది అంచనా మాత్రమే.

విమానం ఎక్కినవాళ్ల పేర్లు స్క్వాడ్రన్ రికార్డుల్లో రాత్రివారీగా ఉన్నాయి. ఉండాల్సిందే. ఆ కుర్రాళ్లు ప్రాణాలకు తెగించి వెళ్లారు. కింద ఉన్న మనవాళ్ల పేర్లు మాత్రం మన ఇళ్లలో తప్ప ఇంకెక్కడా దొరకవు. 1942లో పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభై దాటారు. ఈ పుటలు ఎవరి చేతికైనా వస్తే ఒక్క మాట: మీ ఇంట్లో రంగమో మలయానో వెళ్లి తిరిగిరాని మనిషి ఉంటే, ఇంటి పెద్దవాళ్లను ఈ వారమే అడగండి. పేరు, ఊరు, పనిచేసిన మిల్లు లేదా తోట, చివరి ఉత్తరం ఎప్పుడొచ్చిందో రాసి పెట్టండి.