ఎంగిలి గాలి

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. పగలనీయండి, అప్పటికి బడికి సెలవులు. పసివాళ్ళను ఉడికించేది మార్చి, ఏప్రిల్ నెలల ఎండ, మళ్ళీ జూన్‌లో బడి తెరిచాక కాసే ఎండ. జూన్ వచ్చిందంటే తొలకరి వచ్చినట్టే అన్నమాట గోదావరి జిల్లాలకు చెల్లుతుందేమో గాని మా వింజమూరుకు చెల్లదు. మాకు వానలంటే ప్రధానంగా ఈశాన్య ఋతుపవనాలే. అవి అక్టోబరు దాకా రావు.

మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు పెడతారు. 7:45కు మొదలై 12:30కు ముగుస్తాయి. పొద్దుటిపూట చల్లగా ఉంటుందని కదా ఆ ఏర్పాటు! బయట చల్లగానే ఉంటుంది, గదిలో ఉండదు. కాంక్రీటు మిద్దె పగలంతా ఎండను తాగి, సాయంత్రం నుంచి ఆ వేడిని నెమ్మదిగా లోపలికి దింపుతుంది. అప్పటికి కిటికీలు బిగించి, తాళం వేసి ఉంటారు. రాత్రంతా వీచే చల్లగాలికి లోపలికి దారి లేదు. తెల్లవారి తలుపు తీసేసరికి నిన్నటి మధ్యాహ్నం ఆ గదిలోనే కాచుకొని కూర్చుని ఉంటుంది.

2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు-నేడు’ పుణ్యమా అని చాలా సర్కారు బడులకు ఫ్యాన్లు వచ్చాయి. మంచిదే. అయితే ఫ్యాను చెమటనార్పుతుందే గాని గాలిని మార్చదు. వడగాలికి జడిసి కిటికీలు మూస్తే, ముప్పైమంది విడిచిన ఊపిరినే తిప్పి తిప్పి వాళ్ళమీదకే విసురుతుంది. గదిలో బొగ్గుపులుసు వాయువు పదివేల పాళ్ళకు పది దాటరాదని మ్యూనిక్ నగరంలో పెట్టెన్‌కోఫర్ 1858లోనే చెప్పాడు. నేడు ఆరుబయటి గాలిలోనే అది నాలుగు పాళ్ళు దాటింది. మనం విడిచే ఊపిరిలో సుమారు నాలుగువందల పాళ్ళు. ఆ వాయువే విషమని కాదు, గాలి ఎంత ఎంగిలి అయిందో చెప్పే గుర్తు అది. ఎంగిలి అన్నం పిల్లలకు పెట్టం గదా! మూడో పీరియడుకు కునికిపాట్లు పడే పిల్లవాణ్ణి మొద్దు అనేముందు అయ్యవారు ఆ గదిలో వెనక వరుసలో ఒక్క గంట కూర్చుని చూడాలి.

పాత ఇళ్ళలో కప్పు దగ్గర గవాక్షాలుండేవి. వేడిగాలి పైకి లేచి అటుగా పోయేది. దొంగలు, కుక్కలు, కోతుల భయముండగా రాత్రి కిటికీలు తెరిచి ఉంచమంటే ఏ హెడ్మాస్టరుగారూ ఒప్పుకోరు, అందులో తప్పూ లేదు. ఇనుప జాలీ బిగించిన గవాక్షానికి ఆ బెంగ లేదు.

ఇక మిద్దె సంగతి. తెల్లటి కప్పు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. సున్నానికి విధానం దాకా పోవాలా అనిపిస్తుంది నాకు. సంక్రాంతికి ఇళ్ళకు వెల్ల వేయించే ఊరు మాది. ఆ వారంలోనే నాలుగు బిందెల సున్నం బడి మిద్దె మీదికి ఎక్కించవచ్చు. కాస్త బంక కలిపితే తొందరగా రాలదు.